నీళ్ళలో దీపాలు ఆరిపోతున్నాయి: ప్రకాశం బ్యారేజీ దృశ్యానికి రే ట్రేసింగ్, ప్రాజెక్టు డైరీ

గుంటూరులో ఉండే మా మేనల్లుడు నేను తయారు చేస్తున్న పడవ ఆటను తన ల్యాప్‌టాప్‌లో పది నిమిషాలు ఆడి, "మామయ్యా, నేను తల దించగానే నీళ్ళలో దీపాలు ఆరిపోతున్నాయేంటి?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు రే ట్రేసింగ్‌తో (కాంతి కిరణాల దారిని లెక్కించి బొమ్మ గీసే పద్ధతి) జవాబు వెతకడానికి ఏడు నెలల్లో 318 గంటల పని, 21,450 రూపాయల ఖర్చు అయ్యాయి. ఇదే పని చేయదలచినవారు నేను తప్పిన చోట తప్పకుండా ఉండాలన్న ఉద్దేశంతో, బాగా కుదిరిన వాటికంటే చెడిపోయిన వాటినే ఇందులో ఎక్కువగా నమోదు చేశాను.

దశ 0: సామగ్రి, కొలిచే పద్ధతి (మార్చి)

దృశ్యం ఇది: రాత్రివేళ విజయవాడలో ప్రకాశం బ్యారేజీ, దాని 70 గేట్లు, పైన రోడ్డు వెంట దీపస్తంభాలు, ఒక పక్క ఇంద్రకీలాద్రి, దుర్గా ఘాట్ మెట్లు, నదిలో తొమ్మిది పడవలు. వస్తువులన్నీ చిన్న చిన్న త్రిభుజాలతో చేసినవే: మొత్తం 5.2 లక్షల త్రిభుజాలు, 212 దీపాలు. ఆటగాడు పడవ నడుపుతాడు, కావాలంటే దిగి బ్యారేజీ రోడ్డు మీద నడుస్తాడు.

నా దగ్గర మొదట ఉన్నది 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ దాదాపు అదే. ప్రాసెసర్ ఆరు కోర్ల రైజెన్ 5 5600, ర్యామ్ 16 జీబీ. ప్రోగ్రాము సీ ప్లస్ ప్లస్‌లో, గ్రాఫిక్స్ అంతా వల్కన్‌లో (కార్డుకు ఆదేశాలిచ్చే ప్రామాణిక సాధనం) రాశాను. తప్పులు పట్టడానికి రెండర్‌డాక్, సమయం లెక్కకు కార్డులోనే ఉండే టైమ్‌స్టాంప్ క్వెరీలు, కరెంటు లెక్కకు గోడ ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరు వాడాను.

కొలత ఎలా తీశానో ముందే చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండు వారాల అంకెలన్నీ ఈ పద్ధతి లేకపోవడం వల్లనే చెత్తబుట్టలో పడ్డాయి.

1. కెమెరా ఎప్పుడూ ఒకే 40 సెకన్ల దారిలో నడవాలి.
2. అయిదుసార్లు నడిపించి మొదటిదాన్ని వదిలేయాలి. కార్డు వేడెక్కకముందు వచ్చే అంకె అబద్ధం చెబుతుంది.
3. మధ్యస్థ విలువతోపాటు అన్నింటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల (తెరమీద ఒక్కోసారి గీసే బొమ్మల) సమయాన్నీ రాయాలి.
4. గది ఉష్ణోగ్రత రాయాలి. బెజవాడలో ఇది అలంకారం కాదు, కొలతలో భాగం.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.67 మిల్లీసెకన్లు. 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్ళు ఉంటాయి. ఈ డైరీలోని మిగతా అంకెలన్నీ ఈ రెండింటికీ లోబడినవే.

ఇప్పటివరకు: 6 గంటలు, రూ. 1,100 (వాట్ మీటరు).

దశ 1: దీపాలు ఎందుకు ఆరిపోతున్నాయి

ఆటలో నీటి ప్రతిబింబాలకు మొదట స్క్రీన్‌స్పేస్ రిఫ్లెక్షన్ వాడాను. ఈ పద్ధతి ఇప్పటికే తెరమీద గీసిన బొమ్మలోంచే ప్రతిబింబాన్ని వెతికి తెచ్చుకుంటుంది కాబట్టి చాలా చవక: జీటీఎక్స్ 1650లో 1.6 మి.సె. మాత్రమే. అయితే ఆటగాడు తల దించి నీటిని చూసినప్పుడు స్తంభం మీది దీపం తెర పై అంచు దాటిపోతుంది. తెరలో లేనిదాన్ని నీటిలో చూపే శక్తి ఈ పద్ధతికి లేదు. మేనల్లుడు చూసిన లోపం నా కోడులోని తప్పు కాదు, ఆ పద్ధతికి పుట్టుకతో వచ్చిన హద్దు. దూరాన్ని బట్టి ప్రతిబింబాన్ని మెల్లగా మసకబార్చి ఆ హద్దును దాచే చిట్కాలు ఉన్నాయి, అవి కూడా చేసి చూశాను. దీపం టక్కున ఆరిపోయేది కాస్తా నూనె అయిపోయినట్టు నెమ్మదిగా ఆరిపోయింది, అంతే తేడా.

తరువాత పాత పద్ధతికి వెళ్ళాను. నీటి మట్టానికి కింద కెమెరాను తలకిందులుగా పెట్టి దృశ్యమంతా మళ్ళీ ఒకసారి గీయడం. ఒకే మట్టంలో నిలిచిన నీరైతే దీన్ని మించినది లేదు, రే ట్రేసింగ్ జోలికి పోనక్కరలేదని నేను ఇప్పటికీ అంటాను. కానీ బ్యారేజీ అంటేనే రెండు మట్టాలు. రోడ్డు మీద నిలబడితే ఎగువ నీరు ఒక ఎత్తులో, దిగువ నీరు అంతకంటే కింద కనిపిస్తాయి. ఒక్కో మట్టానికి ఒక్కోసారి దృశ్యాన్ని గీయాలి.

1. మామూలు చిత్రణ: 11.2 మి.సె.
2. ఎగువ నీటికి రెండోసారి: 4.7
3. దిగువ నీటికి మూడోసారి: 4.1
4. మొత్తం: 20.0 మి.సె.

16.67 దాటిపోయింది. పైగా దుర్గా ఘాట్‌లో తడిసిన రాతిమెట్లు కూడా దీపాలను చూపాలి, ఒక్కో మెట్టూ ఒక్కో అద్దం. ఎన్ని మెట్లుంటే అన్నిసార్లు దృశ్యాన్ని గీయడం జరిగే పని కాదు గనుక ఈ దారి ఇక్కడితో మూసేశాను.

ఇప్పటివరకు: 37 గంటలు, రూ. 1,100.

దశ 2: ప్రాసెసర్ మీద సొంత రే ట్రేసర్ (ఏప్రిల్)

కార్డుకు వెళ్ళేముందు ప్రాసెసర్ మీద రాసి తీరాలి. కార్డు మీద చిత్రం తప్పుగా వస్తే తప్పు ఎక్కడుందో చెప్పడానికి పక్కన ఒక సరైన చిత్రం ఉండాలి కదా.

కిరణం త్రిభుజాన్ని తాకిందో లేదో తేల్చడానికి మోలర్, ట్రుంబోర్ 1997లో ప్రచురించిన పద్ధతిని వాడాను. ఎటువంటి తెలివీ లేకుండా ప్రతి పిక్సెల్‌కూ ప్రతి త్రిభుజాన్నీ పరీక్షిస్తే ఒక ఫ్రేముకు సుమారు 1.08 లక్షల కోట్ల పరీక్షలు అవుతాయి. అందుకని 240×135 చిన్న చిత్రంతో ప్రయత్నించాను. 27 సెకన్లు పట్టింది.

దీనికి మందు బీవీహెచ్. త్రిభుజాలను పెట్టెల్లో, ఆ పెట్టెలను ఇంకా పెద్ద పెట్టెల్లో సర్దే వృక్షం అది. తపాలా పిన్‌కోడులా పని చేస్తుంది: ఉత్తరం మీద తొలి అంకె 5 అని చూడగానే తమిళనాడు సంచుల వైపు చూడనక్కరలేదు, 520 అని చూడగానే గుంటూరు సంచినీ పక్కన పెట్టవచ్చు. కిరణం ఒక పెద్ద పెట్టెను తాకకపోతే దానిలోని వేల త్రిభుజాలను ఒక్క దెబ్బతో వదిలేయవచ్చు.

1. పెట్టెలను సరిగ్గా సగానికి విభజించినప్పుడు: 1080 చిత్రానికి 410 మి.సె.
2. ఉపరితల వైశాల్యాన్ని బట్టి విభజించినప్పుడు: 262 మి.సె.

బ్యారేజీ ఆకారమే ఈ తేడాకు కారణం. అది పొడవుగా, సన్నగా ఉంటుంది, నడుమ ఖాళీలు ఎక్కువ. సగానికి కోస్తే ఖాళీ గాలి కూడా పెట్టెల్లో చేరి కిరణాలు ఉత్తపుణ్యానికి లోపలికి దిగుతాయి.

సమయమంతా ఎక్కడ పోతోందని చూస్తే 88 శాతం తాకిడి పరీక్షలకే పోతోంది. టర్నర్ విటెడ్ 1980లో ప్రతిబింబాలనూ నీడలనూ వక్రీభవనాన్నీ కిరణాలతో చూపిన వ్యాసంలోనూ ఇదే మాట ఉంది: సాదా దృశ్యాల్లో 75 శాతం, క్లిష్టమైనవాటిలో 95 శాతం వరకు సమయం ఈ పరీక్షలకే పట్టిందని ఆయన రాశారు. ఆయన గోళాల చిత్రం ఒక్కటి వాక్స్ కంప్యూటరు మీద 74 నిమిషాలు తీసుకుంది. గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ పరీక్షలకే ప్రత్యేకంగా ఒక చిన్న యంత్రాన్ని కట్టడానికి 2018 దాకా ఎందుకు పట్టిందన్నది వేరే కథ కానీ, ఎందుకు కట్టవలసి వచ్చిందో ఆ అంకెలే చెబుతున్నాయి.

ఈ దశలో నన్ను నాలుగు రోజులు తిప్పలు పెట్టిన లోపం ఒకటుంది. విజయవాడ వైపు గట్టు దగ్గర చిత్రం శుభ్రంగా ఉంది. సీతానగరం వైపుకు పోయేకొద్దీ గోడల మీద నల్లని మచ్చలు లేచాయి. కిరణం బయలుదేరిన గోడనే మళ్ళీ తాకుతోందన్నమాట. దాన్ని తప్పించడానికి మొదలయ్యే బిందువును 0.001 మీటరు ముందుకు జరుపుతూనే ఉన్నాను, మరి ఒక గట్టుకు చాలినది ఇంకో గట్టుకు ఎందుకు చాలలేదు?

నేను దృశ్యానికి మూలబిందువును విజయవాడ గట్టు దగ్గర పెట్టాను. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. 32 బిట్ల దశాంశ సంఖ్యలకు 1,024 దాటాక పక్కపక్క విలువల మధ్య ఎడమే 0.00012 మీటరు. కిరణం ప్రయాణించిన దూరంతో గుణించి, కూడి తాకిన బిందువును లెక్కించేటప్పుడు అలాంటి తప్పులు పేరుకుని 0.001ని మించిపోతున్నాయి. మార్పులు ఇవి:

1. మూలబిందువును బ్యారేజీ నడిమధ్యకు మార్చాను, అత్యధిక దూరం 612 మీటర్లకు తగ్గింది.
2. తాకిన బిందువును కిరణం పొడవుతో కాక త్రిభుజం మూడు శీర్షాల నుంచి మళ్ళీ లెక్కించాను.
3. ముందుకు జరిపే దూరాన్ని స్థిరంగా ఉంచక, ఆ బిందువు మూలం నుంచి ఎంత దూరముంటే అంత పెంచాను.

మచ్చలు పోయాయి. చిన్న గదుల దృశ్యాలతో నేర్పే పాఠాల్లో ఈ లోపం ఎప్పటికీ బయటపడదు.

ఇప్పటివరకు: 81 గంటలు, రూ. 1,100.

దశ 3: రే ట్రేసింగ్ యంత్రం లేని కార్డు మీద

జీటీఎక్స్ 1650లో కిరణాలకు ప్రత్యేక భాగమేదీ లేదు కాబట్టి బీవీహెచ్ నడకను కంప్యూట్ షేడర్‌లో (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాము) నేనే రాశాను. నీరు, తడిమెట్లు ఉన్న పిక్సెళ్ళ నుంచి మాత్రమే కిరణాలు పంపాను. నా కెమెరా దారిలో అవి సగటున తెరలో 38 శాతం, అంటే సుమారు 7.9 లక్షల కిరణాలు. కిరణాలు వెతికే నమూనాను కూడా పలచన చేసి 86 వేల త్రిభుజాలకు దించాను. అలలమీద కదిలే ప్రతిబింబంలో కడ్డీల చెక్కడాలను ఎవరూ లెక్కపెట్టరు.

మొదటి ఫలితం 22.6 మి.సె., ప్రతిబింబాలకే. వృక్షంలో దిగేటప్పుడు తిరిగి రావలసిన చోట్లను గుర్తుంచుకోవడానికి ఒక్కో కిరణానికి 64 గడుల పట్టిక ఇచ్చాను. అది రిజిస్టర్లలో (కార్డులో అన్నింటికంటే వేగమైన కాస్త చోటు) పట్టక దూరంగా ఉన్న మెమరీకి పొంగిపోయింది. నిజంగా ఎన్ని గడులు వాడుతోందో లెక్కిస్తే ఎన్నడూ 21 దాటలేదు. 24 గడులకు కుదించి, 64 కిరణాల గుంపుకు 6,144 బైట్ల చొప్పున దగ్గరగా ఉండే షేర్డ్ మెమరీలో పెట్టగానే 14.1 మి.సె.కు దిగింది. ఒక్క అంకె మార్చితే ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు మిగిలాయన్నమాట. మొదటే కొలిచి ఉంటే మూడు రోజులూ మిగిలేవి.

ఆ తరువాత ఎంత గింజుకున్నా అంతకు దిగలేదు. కార్డులో 32 కిరణాలు జట్టుగా నడుస్తాయి. ఒక్కటి వెనకబడినా మిగతా 31 ఆగుతాయి. నీరు నిశ్చలంగా ఉంటే జట్టు అంతా ఒకేవైపు పోతుంది, అల లేస్తే ఒకటి కొండ వైపు, ఒకటి గేటు వైపు, ఇంకొకటి ఆకాశంలోకి పోతుంది. అలల ఎత్తును సున్నా చేసి కొలిస్తే 8.8, మామూలు అలలతో 14.1. అందానికీ వేగానికీ మధ్య తగవు ఎక్కడుందో ఈ రెండు అంకెలు చూపుతాయి.

చివరికి నాలుగు పిక్సెళ్ళకు ఒక్క కిరణం పంపి, మధ్యవి పొరుగువాటి నుంచి పూరించాను.

1. మామూలు చిత్రణ: 11.2
2. పావు వంతు కిరణాలు: 3.9
3. పూరించడం: 0.9
4. మొత్తం: 16.0 మి.సె. నెమ్మదైన ఒక శాతం: 19.8

మధ్యస్థం హద్దులోనే ఉన్నా చివరి అంకె హద్దు దాటింది. 60 ఫ్రేములు అని ఆశ చూపి మధ్యమధ్య తడబడేకంటే ఈ కార్డుకు 30 దగ్గర బిగించడమే నిజాయితీ అనిపించింది.

ఇప్పటివరకు: 149 గంటలు, రూ. 1,100.

దశ 4: రే ట్రేసింగ్ యంత్రం ఉన్న కార్డు (మే, జూన్)

సెకండ్‌హ్యాండ్‌లో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డును 17,500 రూపాయలకు కొన్నాను. "కొత్తదానిలాగే ఉందండీ" అని దుకాణదారు చెప్పిన కార్డు ఇంటికొచ్చిన రోజే 86 డిగ్రీలకు చేరి, 1,800 మెగాహెర్ట్జ్ నుంచి 1,560కి జారింది. గది 39 డిగ్రీలుంది నిజమే, కానీ విప్పి చూస్తే లోపల చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలింది. 450 రూపాయల పేస్టు మార్చాక 76. ఆపై కార్డుకు 170 వాట్ల హద్దును 130కి తగ్గించాను. ఫ్రేము అయిదు శాతం మాత్రమే నెమ్మదించింది. వేసవిలో ఏసీ లేని గదిలో కొలతలు తీసేవారికి ఇది తప్పనిసరి: వేడికి ఎగుడుదిగుడుగా పరుగెత్తే కార్డుకంటే కొంచెం నెమ్మదిగా నిలకడగా నడిచేదే మేలు. ఇక్కడి నుంచి అంకెలన్నీ 130 వాట్లవే.

ఇటువంటి యంత్రం 2018లో ఆర్‌టీఎక్స్ 20 శ్రేణితో మొదలై, 2020 నవంబరులో ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6000 కార్డులకు, అదే నెలలో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోళ్ళకూ (టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాలకూ) వచ్చింది. ఏ కంపెనీ కార్డుకైనా ఒకే కోడు సరిపోయేలా వల్కన్ రే ట్రేసింగ్ ఎక్స్‌టెన్షన్లు (అదనపు ఆదేశాలు) ఖరారైనదీ అప్పుడే. నేను వాటిలో రే క్వెరీని ఎంచుకున్నాను. ఉన్న షేడర్‌లోనే కిరణం పంపవచ్చు గనుక దశ 3లో రాసిన కోడు చాలావరకు నిలిచింది.

పెట్టె, త్రిభుజం పరీక్షలను ఆ యంత్రం చేస్తుంది. వృక్షాన్ని కట్టడం, తాకిన చోట రంగు లెక్కించడం దాని పని కాదు. ఈ సంగతి చదివి తెలిసినదే అయినా, మొదటి కొలత వచ్చాకనే ఒంటబట్టింది.

1. మామూలు చిత్రణ: 6.1
2. వృక్షం కట్టడం: 5.8
3. కిరణాలు, ఇప్పుడు ప్రతి నీటి పిక్సెల్‌కూ ఒకటి, పూర్తి 5.2 లక్షల త్రిభుజాల మీద: 3.4
4. తాకినచోట రంగు: 2.6
5. మొత్తం: 17.9 మి.సె.

కొత్త కార్డు పెట్టి పాత కార్డుకంటే ఎక్కువ సమయం తెచ్చుకున్నాను!

వృక్షం తప్పు పూర్తిగా నాదే. తొమ్మిది పడవలు కదులుతున్నాయని ప్రతి ఫ్రేములో అన్నింటినీ మళ్ళీ కడుతున్నాను. వృక్షానికి రెండు అంతస్తులుంటాయి: కింద ఒక్కో వస్తువు ఆకారం, పైన ఆ వస్తువులు ఎక్కడెక్కడ ఉన్నాయన్న జాబితా. పడవ కదిలితే దాని ఆకారం మారదు, చోటు మాత్రమే మారుతుంది, అంటే పై అంతస్తులో స్థానాన్ని చెప్పే ఒక మాత్రిక (అంకెల పట్టిక) మార్చితే చాలు. గాలికి ఊగే తోరణాల ఆకారం నిజంగానే మారుతుంది కాబట్టి వాటిని మాత్రం ఉన్న వృక్షంలోనే సర్దాను. 5.8 కాస్తా 0.5 అయింది.

కిరణాల్లో సగం భారం ఘాట్ పక్కనున్న చెట్లది. ఆకులను చిల్లులున్న బొమ్మలుగా రేకుల మీద అతికించాను. కిరణం రేకును తాకిన ప్రతిసారీ యంత్రం పని ఆపి, అక్కడ ఆకు ఉందా, చిల్లు ఉందా అని నా షేడర్‌ను అడుగుతోంది. ప్రతిబింబాల కోసం మాత్రం ఆకులను నిజమైన త్రిభుజాలుగా కత్తిరించి, వస్తువులన్నింటికీ అపారదర్శకమన్న గుర్తు పెట్టాను. త్రిభుజాలు 40 వేలు పెరిగినా సమయం 3.4 నుంచి 1.7కు తగ్గింది.

మార్పుల తరువాత: 6.1 + 0.5 + 1.7 + 1.9 = 10.2 మి.సె. రంగు లెక్కించడం కిరణాన్ని పంపడంకంటే ఖరీదుగా మిగిలిపోయింది. కొత్త కార్డుల ప్రకటనల్లో సెకనుకు ఇన్ని కోట్ల కిరణాలు అని కనిపిస్తే, తాకిన తరువాతి పని ఎవరు చేస్తారని నేను ఇప్పుడు ముందుగా అడుగుతాను.

ఇప్పటివరకు: 206 గంటలు, రూ. 19,050.

దశ 5: 212 దీపాల నీడలు (జూలై, ఆగస్టు)

ప్రతి పిక్సెల్ నుంచి 212 దీపాల్లో ప్రతిదానికీ ఒక కిరణం పంపి నీడ ఉందో లేదో చూస్తే ఫ్రేముకు 43.96 కోట్ల కిరణాలు, సెకనుకు సుమారు 2,638 కోట్లు. 2018లో ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి కంపెనీ చెప్పుకున్న అంకె సెకనుకు 1,000 కోట్లు. నా కార్డు దానికంటే చిన్నది. కాబట్టి ప్రశ్న ఎన్ని కిరణాలు పంపగలమన్నది కాదు, ఎన్నింటిని పంపకుండా ఉండగలమన్నది.

పిక్సెల్‌కు ఒక్క దీపాన్నే ఎంచుకుని ఒక్క కిరణమే పంపాలి. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే దూరంలోని పనికిరాని దీపాలే ఎక్కువగా తగిలి చిత్రమంతా ఇసుక చల్లినట్టయింది. 2020లో వచ్చిన రెస్టిర్ అనే పద్ధతి ఇక్కడ ఆదుకుంది: ప్రతి పిక్సెల్ తనకు బాగా వెలుగిచ్చే దీపాన్ని ఎంచుకోవడంలో పొరుగు పిక్సెళ్ళ ఎంపికనూ, కిందటి ఫ్రేములోని తన ఎంపికనూ వాడుకుంటుంది.

అయినా ఇసుక పూర్తిగా పోదు. దీనికి గణితమే అడ్డు: నమూనాల సంఖ్య నాలుగింతలైతే తప్ప రొద (ఈ ఇసుకకు ఇంకో పేరు) సగం కాదు. పోల్చుకోవడానికి నేను రాత్రంతా గీయించిన చిత్రంలో పిక్సెల్‌కు 4,096 కిరణాలు, దానిలో రొద 64వ వంతు. ఆటలో దొరికేది ఒక్క కిరణం. మిగిలినదాన్ని డీనాయిజర్ అనే ప్రోగ్రాము తుడవాలి, అంటే కొంత కొలిచి చాలావరకు ఊహించాలి. ఇవాళ ఆటల్లో కనిపించే రే ట్రేసింగ్ చిత్రంలో ఎక్కువ భాగం ఊహేనని చెబితే చాలామంది నమ్మరు.

నేను కిందటి ఫ్రేముల వెలుగును కూడబెట్టే రకం డీనాయిజర్ రాశాను. రెండు తప్పులు జరిగాయి.

మొదటిది మిణుగురులు. అరుదుగా ఒక కిరణం మరీ ప్రకాశవంతమైన దీపాన్ని తాకి ఒక్క పిక్సెల్ భగ్గుమంటుంది, కూడబెట్టే పద్ధతి దాన్ని అరసెకను పాటు మోస్తుంది. ప్రకాశానికి పొరుగు పిక్సెళ్ళను బట్టి పైహద్దు పెట్టాను. చిత్రం కొద్దిగా మసకబారింది, ఆ నష్టాన్ని ఒప్పుకున్నాను.

రెండోది మేనల్లుడు ఫోనులో పంపిన వీడియోలో చూపాడు: "మామయ్యా, పడవ తిప్పితే నీళ్ళలో దీపాలకు తారాజువ్వల్లా తోకలొస్తున్నాయి." కిందటి ఫ్రేములో ఈ పిక్సెల్ ఎక్కడుందని వెతికేటప్పుడు నేను నీటి ఉపరితలం కదలికను వాడుతున్నాను. కానీ నీటిలో కనిపించే దీపం నీటి ఉపరితలంతోపాటు కదలదు, అద్దం వెనక అంత లోతులో నిలబడ్డ వస్తువులా కదులుతుంది. కిరణం దీపాన్ని తాకడానికి పట్టిన దూరాన్ని చూపు దిశలో నీటికి అవతల చేర్చి, ఆ ఊహాబిందువుతో కిందటి ఫ్రేములో వెతకడం మొదలుపెట్టాక తోకలు మూడు వంతులు పోయాయి. పెద్ద అలల మీద ఇంకా కొంచెం మిగిలే ఉన్నాయి.

ఈ దశలోనే ఒక సాయంత్రం షేడర్లు కంపైలవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ నిమిషం కూడా నిలవలేదు. కంపైలైన షేడర్లను దాచే పైప్‌లైన్ కాష్ ఫైలు సగంలో తెగి, తరువాతి రెండు రోజులు కారణం తెలియని క్రాష్‌లు వచ్చాయి. ఆ ఫైలును ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చడం అలవాటు చేసుకోండి. బ్యాటరీకి 2,400.

1. దశ 4 మొత్తం: 10.2
2. పాత షాడో మ్యాపులు (దీపం వైపు నుంచి దృశ్యాన్ని గీసి నీడలు తేల్చే పద్ధతి) తీసేసినందుకు: −0.8
3. దీపాల ఎంపిక: 1.1
4. నీడ కిరణాలు: 1.4
5. డీనాయిజర్: 2.2
6. మొత్తం: 14.1 మి.సె. నెమ్మదైన ఒక శాతం: 16.2

రొద తుడవడానికి పట్టిన సమయం నీడ కిరణాలకు పట్టినదానికంటే ఎక్కువ. ఆసక్తి కొద్దీ దీపాల వెలుగు గోడల మీద పడి తిరిగి పడే మూడు మజిలీలనూ కలిపి పూర్తి పాత్ ట్రేసింగ్ ప్రయత్నించాను: రొద తుడవకముందే 31 మి.సె. ఈ తరగతి కార్డులకు అది ఇంకా అందదు, కనీసం నా చేతిలో అందలేదు.

ఇప్పటివరకు: 298 గంటలు, రూ. 21,450.

దశ 6: దీనికి భవిష్యత్తు ఉందా (సెప్టెంబరు)

చాలామంది ఈ ప్రశ్నకు అద్దాలూ నీటిగుంటలూ ఎంత అందంగా వచ్చాయో చూసి జవాబు చెబుతారు. నా డైరీలో దీనికి జవాబిచ్చే అంకె వేరే ఉంది. రే ట్రేసింగ్ లేని రూపంలో గోడల మీది వెలుగును ముందే లెక్కించి లైట్‌మ్యాపులుగా అచ్చు వేసుకోవాలి. ఈ దృశ్యానికి ఒక్కసారి అచ్చు వేయడానికి నా ప్రాసెసర్ మీద 3 గంటల 40 నిమిషాలు. ఏడు నెలల్లో దీపాల స్థానాలను 19 సార్లు మార్చాను, అంటే 69 గంటల 40 నిమిషాల యంత్ర సమయం. కిరణాలతో వచ్చే నీడలకు, ప్రతిబింబాలకు ఆ నిరీక్షణ లేదు, దీపాన్ని జరిపితే వెలుగు దానితోపాటు జరుగుతుంది. ఆటలు తయారు చేసేవారికి రే ట్రేసింగ్ ఇవ్వజూపేది అందంకంటే ముందు ఈ శ్రమ తగ్గింపే.

అయితే ఆ శ్రమ నాకు తగ్గిందా అంటే తగ్గలేదు. మేనల్లుడి ల్యాప్‌టాప్ కోసం లైట్‌మ్యాపులు వేస్తూనే ఉన్నాను, షాడో మ్యాపులు ఉంచాను, దశ 3 కంప్యూట్ షేడర్‌ను కాపాడుతున్నాను. ఒకే పొయ్యి మీద రెండు వంటలు. పథ్యం ఉన్నవారికి ఒకటి, లేనివారికి ఒకటి. పాత కార్డును వదిలేయగలిగిన రోజున మాత్రమే రే ట్రేసింగ్ పని తగ్గిస్తుంది, అప్పటిదాకా అది అదనపు పనే.

గత ఏళ్ళ క్రమాన్ని ఈ కోణంలో చూస్తే అర్థమవుతుంది. 2018 నవంబరులో బాటిల్‌ఫీల్డ్ 5 ప్రతిబింబాలతో మొదలుపెట్టినప్పుడు అది పైన చల్లిన మసాలా. 2019లో క్వేక్ 2 ఆర్‌టీఎక్స్ మొత్తం పాత్ ట్రేసింగ్‌తో నడిచింది, కానీ అది 1997 నాటి ఆట కాబట్టి త్రిభుజాలు తక్కువ. 2021లో మెట్రో ఎక్సోడస్ ప్రత్యేక సంచిక పాత కార్డులను వదిలేసి పాత వెలుగు పద్ధతిని తీసేసింది. 2023లో సైబర్‌పంక్ 2077కు పాత్ ట్రేసింగ్ వచ్చింది, దాన్ని నడపడానికి పెద్ద కార్డులు, తక్కువ పిక్సెళ్ళను పెంచి చూపే డీఎల్ఎస్ఎస్ వంటివి అవసరమయ్యాయి. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో డూమ్ కొత్త ఆట రే ట్రేసింగ్ యంత్రం లేని కార్డు మీద నడవబోమని చెప్పేశాయి. వాటికి ఆ ధైర్యం ఇచ్చినవి లక్ష రూపాయల కార్డులు కావు, 2020 నుంచి ఇళ్ళలో చేరిన కన్సోళ్ళు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 లాంటి చేతిలో పట్టుకునే యంత్రంలో కూడా ఆ భాగం ఉంది. నేల ఎక్కడుందో చూడాలి గాని, శిఖరం ఎంత ఎత్తుకు పోయిందో చూసి లాభం లేదు.

మన వీధుల్లో గేమింగ్ సెంటర్ల యంత్రాలు, కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లు ఆ నేలకు ఇంకా కొన్నేళ్ళ దూరంలో ఉన్నాయని నా అంచనా. అందుకే నా ఆటలో రెండు వంటలూ కొనసాగుతాయి. ప్రతిబింబాలకు కిరణాలు రెండింటిలోనూ ఉంటాయి, నీడల కిరణాలు 3060 తరగతికి మాత్రమే.

ఇప్పటివరకు: 312 గంటలు, రూ. 21,450.

దశ 7: గుంటూరులో పరీక్ష

కొత్త ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో తీసుకుని అక్కగారింటికి వెళ్ళాను. మొదటి కొలతే చెడిపోయింది: ల్యాప్‌టాప్ చార్జరు పెట్టకుండా నడిపితే కార్డు సగం శక్తికి పడిపోయి ఫ్రేముకు 41 మి.సె. చార్జరు పెట్టి, కింద రెండు పుస్తకాలు ఎత్తు పెట్టి గాలి ఆడనిచ్చాక 19.4 దగ్గర నిలిచింది. 30 ఫ్రేములకు 33.3 చాలు కాబట్టి మిగులు బాగానే ఉంది.

మేనల్లుడు పడవ ఎక్కి వెంటనే తల దించాడు. దీపాలు ఆరలేదు. ఇంకా కిందకు చూశాడు, కుడికి తిప్పాడు, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరువాత తెడ్డు వేగం పెంచి, "ఇప్పుడు ముందు వెళ్తున్న పడవ బొమ్మ నీళ్ళలో దానికంటే బెత్తెడు వెనక వస్తోంది మామయ్యా" అన్నాడు.

అక్కడే కూర్చుని చూస్తే నిజమే. పాత కార్డు దారిలో పడవల మాత్రికలను కిరణాలు పంపిన తరువాత మారుస్తున్నాను, కాబట్టి ప్రతిబింబం ఎప్పుడూ ఒక ఫ్రేము పాతది. పడవ వేగం సెకనుకు 3 మీటర్లు, ఫ్రేములు 30, తేడా సరిగ్గా 10 సెంటీమీటర్లు. 3060లో ఆ రెండు పనుల వరుస సరిగానే ఉంది, ఇక్కడ ముందువెనకలు మార్చాలి. దానితో షేడర్లు రెండు ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి, 0.3 మి.సె. పెరుగుతుందని అంచనా. కొలిచాక రాస్తాను.

మొత్తం: 318 గంటలు, రూ. 21,450.